చిన్న జనరేటరు: విద్యుద్ఘాతము నుండి రక్షణ



కరెంటు పోయినపుడు నారుమడికి నీరు పెట్టుటకును, కోళ్లకొట్టములో దీపములు వెలిగించుటకును పెట్రోలుతో నడచు చిన్న జనరేటరులను మనలో ననేకులు వాడుచున్నారు. స్తంభము మీది తీగకు భయపడువారు సైతము దీనిని లక్ష్యపెట్టరు. చేతితో మోసికొనిపోదగిన యంత్రము మనిషిని చంపునా యని నన్నడిగినవారు కలరు. చంపును. ఇంటి కరెంటును, దీని కరెంటును 230 వోల్టులే.

దేహములో సుమారు 10 మిల్లీ ఆంపియరులు ప్రవహించినచో కండరములు బిగిసి, పట్టుకొన్న తీగను విడువజాలము. 50 దాటినచో గుండె లయ తప్పవచ్చును. తడిచేతులతో బురదలో వట్టికాళ్లతో నిలిచిన మనిషి దేహము సుమారు 1000 ఓములు మాత్రమే యడ్డగించునని యనుకొందము. 230 వోల్టులను 1000 చే భాగించి చూడుడు: 230 మిల్లీ ఆంపియరులు! 10 ఆంపియరుల ఫ్యూజునకు ఇది లెక్కలోనికి రాదు. ఫ్యూజు తీగను కాచును గాని మనిషిని కాయదు.

కొన్ని యేండ్ల క్రిందట నొక గ్రామములో బిందుసేద్యమును జూపుటకై అద్దె జనరేటరుతో మోటారు నడిపించుచుంటిమి. ఉదయమెల్ల బాగుగనే నడచెను. మధ్యాహ్నము మోటారు మీద చేయి వేయగా భుజము వఱకు ఝల్లుమని వెనుకకు బడితిని. కాళ్లకు చెప్పులుండుట నా యదృష్టము. వెదకి చూడగా మోటారు చుట్టలోని తీగ యొరసి దాని పైపెంకును దాకుచుండెను. మోటారు చెక్కబల్లపై నుండెను. జనరేటరు నుండి వచ్చు రెండవ తీగ యొకచోట చిరిగి తడికాలువలో పడియుండెను.

ఇచట గ్రహింపవలసిన దేమనగా, పెక్కు చిన్న జనరేటరులలో న్యూట్రలు తీగను ఇనుపచట్రమునకు గలుపరు. అందుచే మొదటి లోపము కలిగినను కరెంటు తిరిగిపోవు దారి లేక యెవరికిని తెలియదు. యంత్రము నడచుచునే యుండును. రెండవ లోపము కలిగినపుడు నడుమ నున్న మనిషియే యా దారి యగును.

గునపమొకటి నేలలో పాతి తీగ చుట్టిన చాలునని కొందఱి నమ్మకము. చాలదు. జనరేటరులో బుట్టిన కరెంటు తిరిగి చేరవలసినది జనరేటరునకే గాని భూమికి గాదు. కావున లైసెన్సు గల ఎలక్ట్రీషియనును పిలిచి, తయారీదారు పుస్తకము సమ్మతించినచో, న్యూట్రలును చట్రముతో గలిపించి, 30 మిల్లీ ఆంపియరుల ఆర్.సి.సి.బి. పెట్టింపుడు. పోయిన కరెంటునకును తిరిగివచ్చిన కరెంటునకును భేదము గనబడగనే యది రెప్పపాటులో తెగగొట్టును. మూడుపిన్నుల ప్లగ్గులోని పచ్చతీగ చట్రము నుండి మోటారు పెంకు వఱకు తెగకుండ సాగవలయును. ఆ పిన్నును విఱిచి రెండుపిన్నుల ప్లగ్గుగా జేయుట మన యూళ్లలో మిక్కిలి వాడుక. అంతకంటె చెడ్డ పని లేదు.

ఆర్.సి.సి.బి. మీది ‘టి’ బొత్తామును పని కుపక్రమించు ముందు నొక్కి చూడుడు. అయితే న్యూట్రలు కలుపకున్నను ఈ బొత్తాము సరిగానే పనిచేయును. అది పనిచేసెను గదా యని మోసపోరాదు. రెండు తీగలను రెండు చేతులతో బట్టుకొన్నవానిని ఈ సాధనమును రక్షింపజాలదు.

జనరేటరు తీగను తిన్నగా ఇంటి సాకెట్టులో గ్రుచ్చుట మఱొక ఘోరము. ఆ కరెంటు వీధిలోనికి బోయి, ట్రాన్సుఫార్మరులో వెనుకకు నడచి, 11,000 వోల్టుల లైనులో వేలకొలది వోల్టులు పుట్టింపవచ్చును. కరెంటు లేదని నమ్మి స్తంభమెక్కిన లైనుమాను గతి యేమి? రెండు తీగలను తెగగొట్టు ఛేంజ్ ఓవర్ స్విచ్చి లేక ఇంటికి కలుపరాదు. పొగ సంగతి వేఱు: గదిలోగాని కొట్టములోగాని నడుపకుడు, దాని విషవాయువునకు వాసన లేదు.

ఎవరైన కరెంటునకు జిక్కినచో వారిని ముట్టకుడు. ముందుగా ఇంజను నాపుడు. ఊపిరి లేకున్నచో 108 కి ఫోను చేయించి, వెల్లకిల బరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 మొదలు 120 సార్లు, రెండంగుళముల లోతున, బండి వచ్చు వఱకు ఆపక నొక్కుచుండవలయును.