ఎత్తు తగ్గించిన కార్లలో టైరు రాపిడి

ఎత్తు తగ్గించిన కారులో చక్రము పైకి లేచినపుడు గాని, స్టీరింగు తిప్పినపుడు గాని టైరు మడ్‌గార్డు అంచుకు, లోపలి ప్లాస్టిక్ లైనరుకు లేదా సస్పెన్షన్ భాగాలకు తగిలి ఒరుసుకొనుటను టైరు రాపిడి అంటారు. పొట్టి స్ప్రింగులు అమర్చినపుడు, ఉన్న స్ప్రింగులను కత్తిరించినపుడు, పెద్ద రిమ్ములు బిగించినపుడు ఇది తరచుగా కనిపిస్తుంది. ఏ మార్పూ చేయని కారులో కూడా స్ప్రింగులు పాతబడి కుంగిపోయినపుడు, మోయగల బరువును మించి ఎక్కించినపుడు ఇదే సమస్య ఏర్పడుతుంది. రాపిడి వలన మడ్‌గార్డు వంగుట, రంగు పోయి తుప్పు పట్టుట చిన్న నష్టాలు. టైరు పక్కభాగము కోసుకొని, వేగముగా పోవుచుండగా పగులుట ప్రాణాపాయకరమైనది.

## కారణాలు

నిలిపి ఉంచిన కారులో టైరుకు, మడ్‌గార్డుకు మధ్య కనిపించే ఖాళీని చూసి రాపిడి ఉండదని నిర్ణయించుట పొరపాటు. కారు గుంతలో పడినపుడు స్ప్రింగు నొక్కుకొని చక్రము బాడీలోనికి లేస్తుంది. బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ ఆపే వరకు చక్రము ప్రయాణించే ఈ దూరమే అసలు లెక్కకు వచ్చేది. ఉదాహరణకు నిలిచి ఉన్న స్థితి నుండి చక్రము 80 మి.మీ. పైకి లేవగల కారును 40 మి.మీ. దించితే, మిగిలేది 40 మి.మీ. మాత్రమే. అదే గుంత దెబ్బను సగము దూరములో ఆపవలసి వస్తుంది. స్ప్రింగు అందుకు తగినంత గట్టిగా లేకపోతే చక్రము ప్రతిసారీ చివరి వరకు లేస్తుంది.

స్ప్రింగును కత్తిరించుట సురక్షితమైన పద్ధతి కాదు. చుట్లు తగ్గిన కొలది స్ప్రింగు గట్టిదనము పెరుగుతుంది; పనిచేసే 7 చుట్లలో ఒకటి తీసివేస్తే గట్టిదనము సుమారు 17 శాతము హెచ్చుతుంది. కాని కత్తిరించిన కొన తన పీఠములో సరిగా కూర్చొనదు. చక్రము కిందికి వేలాడినపుడు స్ప్రింగు వదులై పీఠము నుండి తప్పుకొనే ప్రమాదము కలదు.

రెండవ కారణము రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పునకు సరిగ్గా మధ్యనున్న రేఖకు, రిమ్ము హబ్బుకు ఆనే తలానికి మధ్య గల దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. ఇది మిల్లీమీటర్లలో ఉంటుంది. 6 అంగుళాల వెడల్పు, 45 మి.మీ. ఆఫ్‌సెట్ గల రిమ్ము స్థానములో 7 అంగుళాల వెడల్పు, 38 మి.మీ. ఆఫ్‌సెట్ గల రిమ్మును అమర్చితే, దాని వెలుపలి అంచు మడ్‌గార్డు వైపు దాదాపు 20 మి.మీ., లోపలి అంచు స్ట్రట్ వైపు దాదాపు 6 మి.మీ. జరుగుతుంది.

## టైరు కొలత

టైరుపై ముద్రించిన 165/80 ఆర్14 అనే సంఖ్యలో 165 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 80 పక్కభాగము ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, 14 రిమ్ము వ్యాసము అంగుళాలలో తెలుపుతాయి. ఈ టైరు మొత్తము వ్యాసము సుమారు 620 మి.మీ. 185/65 ఆర్15 టైరు వ్యాసము 621 మి.మీ., 195/55 ఆర్16 టైరు వ్యాసము కూడా 621 మి.మీ. రిమ్ము పెద్దదైనను వ్యాసము మారనందున ఈ మూడింటికీ పైభాగములో ఖాళీ దాదాపు సమానమే. కాని వెడల్పు 165 నుండి 195కు చేరినందున ప్రక్కలకు 30 మి.మీ. పెరుగుతుంది. కాబట్టి వ్యాసము ఒక్కటే సరిపోల్చి టైరు కొనుట చాలదు. క్రొత్త టైరు మోయగల బరువును తెలిపే లోడ్ సూచిక కంపెనీ నిర్ణయించిన దానికంటె తక్కువ ఉండరాదు. ఉదాహరణకు 82 సూచిక గల టైరు 475 కిలోలు, 91 సూచిక గలది 615 కిలోలు మోయగలవు.

## రాపిడి గుర్తులు

రాపిడి ఎక్కడ జరుగుచున్నదో టైరుపై మిగిలిన గుర్తులను బట్టి తెలుసుకొనవచ్చును.

* టైరు వెలుపలి భుజముపై గుండ్రని గీత: టైరు మడ్‌గార్డు అంచుకు తగులుచున్నది. రిమ్ము మితిమీరి వెలుపలికి వచ్చినది.
* లోపలి పక్కభాగముపై ఒకే ఎత్తులో గీత: టైరు స్ట్రట్ లేదా స్ప్రింగు పీఠానికి తగులుచున్నది. రిమ్ము మితిమీరి లోపలికి పోయినది.
* మడ్‌గార్డు లోపల పైభాగములో రంగు పోయి మెరుస్తున్న మచ్చ: చక్రము పైకి లేచే దూరము చాలుట లేదు.
* ముందు లైనరు మూలలు అరిగి రంధ్రము పడుట: స్టీరింగు పూర్తిగా తిప్పినపుడు తగులుచున్నది.

## పరీక్షించే విధానము

పరీక్ష నాలుగు స్థితులలో జరపవలెను: ఖాళీ కారు, పూర్తి బరువుతో కారు, స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పిన స్థితి, ఎదురు మూలల చక్రాలు ఎత్తైన దిమ్మలపై నిలిచిన స్థితి. నాలుగవది ఒక చక్రము పూర్తిగా లోనికి లేచిన స్థితిని చూపుతుంది. మడ్‌గార్డు లోపలి అంచుకు సుద్ద పూసి నెమ్మదిగా నడిపితే తగిలిన చోటు టైరుపై తెల్లగా కనిపిస్తుంది. చక్రము కేంద్రము నుండి మడ్‌గార్డు అంచు వరకు గల ఎత్తును నాలుగు చక్రాల వద్ద కొలిచి వ్రాసుకొనవలెను. కొన్ని నెలల తరువాత ఈ కొలత తగ్గితే స్ప్రింగులు కుంగుచున్నవని అర్థము. జాకీపై ఎత్తిన కారు కిందికి స్టాండులు పెట్టకుండా ఎన్నడూ దూరరాదు.

## నివారణ

సులభమైనవి, తిరిగి మార్చుకొనగలవి ముందుగా, లోహాన్ని కోసేవి చివరగా చేయుట ఉత్తమము.

# గాలి పీడనము: డ్రైవరు తలుపు వద్ద అంటించిన చీటీలోని పీడనాన్ని, టైర్లు చల్లగా ఉన్నపుడు నింపవలెను. గాలి తగ్గిన టైరు ప్రక్కలకు ఉబ్బుతుంది.
# బరువు: సామాను వెనుక ఇరుసుపై కుప్పగా వేయరాదు.
# స్ప్రింగులు, డ్యాంపర్లు: కారును దించదలచినవారు దాని కొరకే తయారైన స్ప్రింగులను, వాటికి సరిపడు షాక్ అబ్జార్బర్లను కలిపి అమర్చవలెను. కుంగిన పాత స్ప్రింగులను జతగా మార్చవలెను.
# బంప్ స్టాప్: తగిన పొడవు గల బంప్ స్టాప్ చక్రము మడ్‌గార్డును చేరకముందే ఆపుతుంది. దానిని తీసివేయుట ప్రమాదకరము.
# రిమ్ము, టైరు: ఇరుకైన టైరు, సరియైన ఆఫ్‌సెట్ చాలా కేసులలో సమస్యను పూర్తిగా తొలగిస్తాయి.
# వీల్ అలైన్‌మెంట్: ఎత్తు మారగానే చక్రాల వాలు, దిశ మారుతాయి. స్ప్రింగులు కుదురుకొనిన తరువాత సరిచేయించనిచో టైర్లు ఒకవైపు అరిగిపోతాయి.
# అంచు మడచుట: మడ్‌గార్డు లోపలి అంచును రోలరుతో పైకి మడచే పద్ధతి ఇది. ముందుగా రంగును వేడిచేసి మెత్తబరచవలెను, లేనిచో రంగు చిట్లుతుంది.

ముందు మడ్‌గార్డు సాధారణముగా బోల్టులతో బిగించి ఉంటుంది గనుక పాడైనచో మార్చవచ్చును. వెనుకది బాడీతో కలిపి వెల్డింగ్ చేసినది. దాని అంచు మడచినపుడు రెండు రేకుల మధ్యనున్న సీలు తెగితే నీరు చేరి లోపలి నుండి తుప్పు పడుతుంది. టింకరింగు పని అయిన వెంటనే సీలెంటు, రంగు వేయుట తప్పనిసరి.

## పాములపాడు ప్రాంతము

ఆంధ్ర ప్రదేశ్‌లోని పాములపాడు మండలము 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో కలదు. అంతకుముందు ఇది కర్నూలు జిల్లాలోనిది. శ్రీశైలం కుడి ప్రధాన కాలువపైనున్న బనకచర్ల క్రాస్ రెగ్యులేటరు ఈ మండలములోనిదే. ఈ పరిసరాలలో విస్తారముగా ఉన్న నల్లరేగడి నేల తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు ముడుచుకొని పగుళ్ళు బారుతుంది. దానిపై వేసిన తారు రోడ్డు క్రమముగా అలలవలె ఎగుడుదిగుడు అవుతుంది. అట్టి రోడ్డుపై రెండు ప్రక్కల చక్రాలు వేర్వేరుగా లేస్తాయి. వర్షాకాలములో జిగట మన్ను మడ్‌గార్డు లోపల అతుక్కొని, ఎండి గట్టిపడి, ఉన్న కొద్ది ఖాళీని కూడా నింపుతుంది. పొలము దారి నుండి వచ్చిన ప్రతిసారీ ఆ మన్నును నీటితో కడిగివేయుట ఇక్కడ ముఖ్యమైన నివారణ.

ఆత్మకూరు నుండి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే దారి నల్లమల అడవి గుండా మలుపులతో సాగుతుంది. కుటుంబమంతా ఎక్కిన కారు మలుపులో వెలుపలి వైపునకు ఒరిగి, స్టీరింగు కూడా తిరిగి ఉన్నపుడు పైన చెప్పిన స్థితులు ఒకేసారి ఏర్పడతాయి. ఖాళీ కారుతో ఊరిలో తిరిగినపుడు వినిపించని రాపిడి ఇక్కడ బయటపడుతుంది. అట్టి శబ్దము విన్నచో వేగము తగ్గించి, సురక్షితమైన చోట నిలిపి టైరు లోపలి పక్కను కూడా చూడవలెను. పక్కభాగములో దారాలు కనిపించినా, ఉబ్బు వచ్చినా ఆ టైరుకు మరమ్మతు పనికిరాదు, మార్చవలసినదే.

## చట్టము

మోటారు వాహనాల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషను పత్రములోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమగునట్లు వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీం కోర్టు ఒక తీర్పులో ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించినది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టములోని 182ఏ సెక్షను అనుమతి లేని మార్పులకు ఆరు నెలల వరకు జైలు లేదా మార్పు ఒక్కింటికి ఐదు వేల రూపాయల జరిమానా లేదా రెండూ విధించుటకు వీలు కల్పించినది. అందుచేత ఏ మార్పు చేయుటకైనను ముందు రవాణా శాఖ కార్యాలయములోను, బీమా సంస్థలోను విచారించుకొనవలెను.

## చరిత్ర

అమెరికాలోని కాలిఫోర్నియాలో మెక్సికన్ మూలాలు గల యువకులు కార్లను కిందికి దించి నడుపుట రెండవ ప్రపంచ యుద్ధానంతరము వ్యాపించినది. ఏ భాగమూ రిమ్ము అడుగు అంచు కంటె కిందికి ఉండరాదని 1958లో ఆ రాష్ట్రములో చట్టము అమలులోనికి వచ్చినది. దీనికి ప్రతిగా రాన్ అగిర్రే 1959 ప్రాంతములో తన కారుకు హైడ్రాలిక్ పంపులు అమర్చి, మీట నొక్కి ఎత్తు మార్చుకొనే ఏర్పాటు చేశాడు. ఫ్రాన్సులో సిట్రోయెన్ సంస్థ 1955లోనే ఎత్తు మార్చుకొనే సస్పెన్షన్ గల డీఎస్ కారును విడుదల చేసి ఉన్నది. కాలిఫోర్నియాలోని ఆ నిషేధము 2024 జనవరి 1 నుండి తొలగిపోయినది. నిలిపినపుడు కిందికి, నడుపునపుడు పైకి అనే ఈ పద్ధతి రాపిడికి ఒక పరిష్కారము. స్థిరమైన ఎత్తు గల కారుకు మాత్రము కొలత, బరువు, రోడ్డు మూడింటినీ ముందే లెక్కించుకొనుటయే మార్గము.