వెబ్‌స్టర్ అంటే ఎవరో తెలుసా?

మొన్న మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటూ "ఈ డిక్షనరీ వెబ్‌స్టరు ఎవరమ్మా?" అనడిగింది. నోవా వెబ్‌స్టరని అమెరికా ఆయన, 1828లో పెద్ద నిఘంటువు వేశాడని చెప్పేసి పోపు పెట్టుకుందామనుకున్నా. కానీ ఆ ఇంటిపేరుకి అర్థమేమిటా అని పుస్తకాలు తిరగేస్తే ఏముంది! వెబ్‌స్టర్ అంటే బట్ట నేసే ఆడమనిషిట!

పాత ఇంగ్లీషులో పని పేరు చివర 'స్టర్' చేరితే ఆ పని చేసే ఆడది అని అర్థం. రొట్టెలు కాల్చేవాడు బేకర్, కాల్చే ఆవిడ బాక్‌స్టర్. ఏల్ అనే బీరు లాంటిది కాచేవాడు బ్రూవర్, కాచే ఆవిడ బ్రూస్టర్. ఆ రోజుల్లో అది చాలామటుకు ఇంటి ఇల్లాళ్ల పనే. నాలుగు రోజుల్లో పులిసిపోయేది కనక ఇంట్లోకి పోను మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేవారు. హాప్స్ పువ్వు వేసి కాస్తే నిలవుంటుందని తెలిశాక అది పెద్ద వ్యాపారమైంది, పెట్టుబడి కావలసి వచ్చింది. ఇంకేం, మగవాళ్ల చేతికి పోయింది! (మనకి తెలియని కథా?) పోనుపోను మగవాళ్లనీ 'స్టర్' అనే పిలిచారు. ఆ పేర్లే ఇంటిపేర్లయి తండ్రి నుంచి కొడుక్కి వచ్చాయి. కుట్టుపని చేసే 'సీమ్‌స్టర్' అసలు ఆడదేనని మరిచిపోయి, మళ్లీ 'ఎస్' తగిలించి 'సీమ్‌స్ట్రెస్' చేశారు. చీర మీద చీర కట్టినట్టు!

ఆడవాళ్లకే మిగిలిపోయిన మాట ఒకటుంది, స్పిన్‌స్టర్. నూలు వడికే ఆవిడ అని అర్థం. పెళ్లికాని ఆడవాళ్లు ఎందరో కదురు తిప్పుకునే పొట్ట పోసుకునేవారు. కాగితాల్లో పేరు పక్కన వృత్తిగా రాసిన ఆ మాట, 17వ శతాబ్దానికి పెళ్లికాని స్త్రీకి చట్టం వాడే మాటైంది. ఆ తర్వాత వెటకారం కూడా చేరింది. ఇంగ్లండులో 2005 డిసెంబరులో గానీ పెళ్లి రిజిస్టర్ల నుంచి దాన్ని తీసెయ్యలేదు.

మా చిన్నత్త పెళ్లి చేసుకోలేదు. కుట్టుమిషను మీదే ఇద్దరు తమ్ముళ్లని చదివించింది. ఎప్పుడో ఓ పెళ్లిలో ఎవరో ఆవిణ్ణి స్పిన్‌స్టర్ అని పరిచయం చేస్తే, భోజనం చెయ్యకుండా వచ్చేసింది. ఈసారి వెళ్లినప్పుడు ఈ సంగతంతా చెప్పాను.

"వడికేదాన్నా? నేనెప్పుడు వడికానే! కుట్టాను. ఆ రెండోదేదో అన్నావే, ఆ మాట అనమను" అంటూ సూదిలో దారం ఎక్కించుకుంది.