తొమ్మిది మందిలో పులి.. ఇద్దరిలో పిల్లి!

ముప్పై ఎనిమిది వేలు! మూడు వీకెండ్స్‌లో పోకర్‌లో నేను పోగొట్టుకున్న డబ్బు అది. 2023లో బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. ఓ యాప్‌లో తొమ్మిది మంది కూర్చునే టేబుల్‌లో రెండు నెలలు ఆడా. పెద్దగా రాలేదు, పెద్దగా పోలేదు. మంచి ముక్కలు పడేదాకా ఆగీ ఆగీ బోర్ కొట్టి, ఇద్దరే ఆడే టేబుల్‌కి మారా. అదే ఓపిక, అదే ప్లాన్. డబ్బు మాత్రం నీళ్లలా పోయింది.

‘లక్ బాలేదు మామా’ అన్నాడు రూమ్మేట్. నేనూ అదే అనుకున్నా. తర్వాత తీరిగ్గా లెక్కేస్తే తెలిసింది. టేబుల్ చుట్టూ మనుషుల సంఖ్య మారింది, నా ఆట మారలేదు.

రెండు మాటల్లో ఆట

తెలియనివాళ్ల కోసం.. టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌లో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు ఇస్తారు. మధ్యలో పరిచే ఐదు ముక్కలు అందరివీ. ఈ ఏడింట్లోంచి మంచి ఐదు ఎవరికి కుదిరితే డబ్బు వాళ్లది. నచ్చకపోతే మధ్యలో ఫోల్డ్ చేసి తప్పుకోవచ్చు. అయితే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పందెం పెట్టాలి. ఒకరు 10 రూపాయలు పెడితే మరొకరు 20. వీటినే బ్లైండ్స్ అంటారు. ఈ వంతు అందరికీ తిరుగుతూ వస్తుంది.

ఆసులు అవే.. విలువ వేరు

చేతిలో రెండు ఆసులు పడ్డాయనుకోండి. పోకర్‌లో అంతకంటే మంచి మొదలు లేదు. పైథాన్‌లో చిన్న కోడ్ రాసి లక్ష ఆటలు ఆడించా. ఎదురుగా ఒక్కరే ఉంటే ఆసులు గెలిచేది దాదాపు 85 శాతం. ముగ్గురుంటే 64. ఐదుగురుంటే 49. ఎనిమిది మందీ చివరిదాకా ఉంటే 35 శాతమే! అందుకే ఆసులు పడినవాడు మొదట్లోనే పందెం పెంచుతాడు. డబ్బు పెరగడానికే కాదు, జనాన్ని తగ్గించడానికి కూడా.

ఇప్పుడు రాజు, ఎనిమిది పడ్డాయనుకోండి. తొమ్మిది మంది టేబుల్‌లో మిగతా ఎనిమిది మందిలో కనీసం ఒకరి దగ్గర ఆసు ఉండే అవకాశం సుమారు 80 శాతం. అందుకే మెల్లగా తప్పుకోవడమే తెలివి. అదే ఎదురుగా ఒక్కరే ఉంటే ఆ అవకాశం 15 శాతం చిల్లర. ఇక్కడ రాజు నిజంగానే రాజు. నేనేమో ఇలాంటి ముక్కల్ని ఇద్దరి ఆటలోనూ పారేస్తూ కూర్చున్నా.

ఊరికే కూర్చున్నా ఖర్చే

అసలు దెబ్బ బ్లైండ్స్ దగ్గర తగిలింది. తొమ్మిది మంది ఉంటే తొమ్మిది ఆటలకోసారి 30 రూపాయలు కట్టాలి. వంద ఆటలు వరసగా ఫోల్డ్ చేసినా పోయేది సుమారు 333. ఆరుగురైతే 500. ఇద్దరే అయితే రెండు ఆటలకోసారి 30.. అంటే వందకి 1500! పెద్ద టేబుల్‌లో ఓపిక చవక. చిన్న టేబుల్‌లో ఓపికకి అద్దె కట్టాలి.

పైగా తొమ్మిది మందిలో నన్నెవరూ పట్టించుకోరు. ఇద్దరిలో అవతలివాడి కళ్లన్నీ నామీదే. నేను పదిలో ఎనిమిదిసార్లు పారిపోతానని వాడికి పావుగంటలో అర్థమైపోయింది. ఇక ప్రతి ఆటకీ పందెం పెంచడమే. నేను తప్పుకోగానే నా బ్లైండ్ వాడి జేబులోకి. ఎప్పుడైనా నేను పెంచితే? ‘వీడి దగ్గర ముక్కలున్నాయి’ అని వాడు తప్పుకునేవాడు. చెడ్డ ముక్కలతో పోగొట్టుకున్నా, మంచి ముక్కలతో సంపాదించలేకపోయా.

ఒక్క జత మీద నమ్మకం కూడా అంతే. ఇద్దరి ఆటలో ఒక జత చాలాసార్లు గెలిపిస్తుంది. నలుగురైదుగురు చివరిదాకా ఉంటే ఎవరో ఒకరికి అంతకంటే మంచిది కుదిరే ఉంటుంది.

మళ్లీ డబ్బుతోనా?

ఈ లెక్కలు తెలిశాయని పోయిన డబ్బు తెచ్చుకోవడానికి వెళ్లలేదు. లెక్క తెలిసినవాడికి ఎదురుగా ఇంకా బాగా తెలిసినవాడు ఉంటాడు. పైగా యాప్ వాటా యాప్‌కి పోయేది. తెలంగాణలో 2017లో, ఏపీలో 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపేశారు. 2025లో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని చూడకుండా దేశమంతా వాటిని నిషేధించింది. నా 38 వేలు అప్పటికే పోయాయనుకోండి!

ఇప్పుడు పండక్కి ఇంటికెళ్తే కజిన్స్‌తో చింతపిక్కలు పెట్టి ఆడతా. పిన్ని వంటింట్లోకి లేస్తే ఒకరు తగ్గుతారు, అన్నయ్య వస్తే ఒకరు పెరుగుతారు. మొన్న బాబాయ్ అడిగేశాడు.. ‘ఏరా, ముక్కలు చూసుకోకుండా మమ్మల్ని లెక్కపెడుతున్నావేంటి?’ అని.

ముప్పై ఎనిమిది వేలు కట్టి నేర్చుకున్న అలవాటు బాబాయ్, అంత తేలిగ్గా పోదు!