యాంటీబయాటిక్ వాడాక విరేచనాలా?

ఇంట్లో పెద్దాయనకు ఛాతీలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయింది, దగ్గు తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపే నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. 'మందు వేడి చేసింది' అని మజ్జిగ ఇస్తాం. తగ్గకపోతే విరేచనాలు ఆపే మాత్ర వేస్తాం. చాలాసార్లు ఈ ఇబ్బంది దానంతటదే సర్దుకుంటుంది. కానీ కొందరిలో దీని వెనక 'క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్' అనే బ్యాక్టీరియా ఉంటుంది. డాక్టర్లు క్లుప్తంగా 'సి డిఫ్' అంటారు. దీన్ని నిర్లక్ష్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

పేగు గోడలో ఏం జరుగుతుంది?

పేగు లోపలి పొర మందం ఎంతో తెలుసా? ఒకే ఒక్క వరుస కణాలు. పేగులోని మురికి ఒంట్లోకి చేరకుండా కాపాడేది ఇదే. కణానికీ కణానికీ మధ్య 'టైట్ జంక్షన్లు' అనే బిగుతైన అతుకులుంటాయి. వీటిని బలంగా పట్టి ఉంచేది ఆక్టిన్ అనే ప్రొటీన్ దారాలు. ఇవి ప్రతి కణం లోపలా మొలతాడులా చుట్టూ అల్లుకుని ఉంటాయి. ఈ అల్లిక ఎప్పటికప్పుడు సరిగా సాగేలా చూసేవి 'రో' అనే ప్రొటీన్లు.

మన పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా సి డిఫ్‌ను తలెత్తనివ్వదు. యాంటీబయాటిక్ వీటినీ చంపేస్తుంది. ఆ అదను చూసి సి డిఫ్ పెరిగి, ఎ, బి అనే విషాలను వదులుతుంది. ఇవి కణంలోకి దూరి 'రో' ప్రొటీన్లకు గ్లూకోజ్ అణువును అంటించి పనిచేయకుండా చేస్తాయి. దాంతో మొలతాడు ఊడిపోతుంది. అతుకులు విడిపోతాయి. నీరు పేగులోకి కారిపోతుంది, గోడ వాచిపోతుంది.

ఎవరికి ముప్పు ఎక్కువ?

65 ఏళ్లు దాటినవారు, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉన్నవారు, రోగనిరోధకశక్తి తగ్గినవారు జాగ్రత్తగా ఉండాలి. సమస్య యాంటీబయాటిక్ వాడుతుండగానే రావచ్చు, ఆపిన కొన్ని వారాలకైనా రావచ్చు.

మీరేం చేయాలి?

* రోజుకు 3 లేదా అంతకన్నా ఎక్కువసార్లు నీళ్ల విరేచనాలు అవుతుంటే డాక్టర్‌కు చెప్పండి. ఏ యాంటీబయాటిక్ ఎప్పుడు వాడారో తప్పక చెప్పండి. మల పరీక్షతో విషయం తేలుతుంది.

* జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, పొట్ట ఉబ్బరం, మలంలో రక్తం, మగతగా ఉండటం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

* విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేయొద్దు. ఓఆర్ఎస్ తాగిస్తూ ఉండండి.

* యాంటీబయాటిక్ ఆపాలా, మార్చాలా అన్నది డాక్టర్ నిర్ణయం. సి డిఫ్ అని తేలితే నోటి ద్వారా వాంకోమైసిన్ వంటి మందులు ఇస్తారు. కొందరిలో ఇది తిరగబెడుతుంది కాబట్టి తగ్గాక కూడా కనిపెట్టుకుని ఉండండి.

* ఈ బ్యాక్టీరియా బీజాలు శానిటైజర్‌కు చావవు. సేవ చేసేవారు సబ్బు, నీళ్లతో చేతులు కడుక్కోవాలి. మరుగుదొడ్డిని బ్లీచింగ్‌తో శుభ్రం చేయాలి.

అన్నింటికన్నా ముఖ్యం ముందు జాగ్రత్త. జలుబు, ఫ్లూ వైరస్‌లతో వస్తాయి, వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఈసారి మందుల షాపులో 'ఒక స్ట్రిప్ ఇవ్వండి' అని అడగబోయే ముందు, ఆ ఒంటి వరుస కణాల్ని ఒక్కసారి గుర్తుచేసుకోండి.