జేబులో ఖిబ్లా, ఎవరి చేతిలో జాడ?

ఎన్ని స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయో అన్ని నమాజు యాప్‌లు ఉన్న ఇళ్ళు నేడు మనలో కొత్త కాదు. వేకువజామున అన్ని ఫోన్లూ ఒకదాని వెంట ఒకటి అజాన్ పలుకుతాయి. ఒకటి రెండు నిమిషాలు ముందు, మరొకటి మూడు నిమిషాలు వెనుక. పిల్లలు ఈ తేడాను చూసి నవ్వుకుంటారు, పెద్దలు విసుక్కుంటారు. ఇంతకూ ఏ ఫోను చెప్పిన వేళ సరైనది? ఆ వేళను అది ఎలా లెక్కగట్టింది? ఆ లెక్క కోసం మన నుంచి ఏమి తీసుకున్నది? ఈ మూడవ ప్రశ్న మన ఇళ్ళలో సాధారణంగా వినిపించదు. మేము ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

వేళలను, దిశను లెక్కించడం ముస్లిములకు ఫోనుతో వచ్చిన విద్య కాదు. మధ్యయుగాలలో పెద్ద మస్జిదులలో 'మువఖ్ఖిత్' అనే పదవి ఉండేది. ఖగోళ గణితం తెలిసిన వ్యక్తి నమాజు వేళలను నిర్ణయించేవాడు. దమస్కులోని ఉమయ్యద్ మస్జిదులో ఆ పదవి నిర్వహించిన ఇబ్న్ అష్‌షాతిర్ 14వ శతాబ్దంలో అక్కడి మినారు కోసం చేసిన నీడ గడియారం శాస్త్ర చరిత్రలో ప్రసిద్ధం. అంతకు మూడు శతాబ్దాల ముందే అల్‌బీరూనీ గజనీ నగరానికి ఖిబ్లా దిశను నిర్ధారించే పనిలో భాగంగా నగరాల అక్షాంశ రేఖాంశాలపై ఒక గ్రంథమే రాశాడు. 2004 ప్రాంతంలో గల్ఫ్ మార్కెట్లోకి ఇల్‌కోన్ ఐ800 అనే మొబైలు, ఎల్‌జీ వారి ఖిబ్లా ఫోను వచ్చినప్పుడు అందరూ అదొక వింతగా చూశారు. నిజానికి అది మువఖ్ఖితు చేసే పనే. మనిషికి బదులు యంత్రం చేసింది, అంతే.

మక్కా మనకు పడమర అని అందరమూ అంటాము. కాని భూమి గుండ్రని ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటే దిశ నేరుగా పడమర కాదు, కొంత ఉత్తరానికి మొగ్గుతుంది. ఆదిలాబాదులో ఆ మొగ్గు సుమారు 10 డిగ్రీలు, హైదరాబాదులో 13, కర్నూలులో 15 వరకు, చిత్తూరులో 18 వరకు ఉంటుంది. ఫోను ఈ కోణాన్ని క్షణంలో లెక్కిస్తుంది. అందులో పొరపాటుకు తావు చాలా తక్కువ. పొరపాటు వచ్చేది ఆ కోణాన్ని తెరమీద చూపేటప్పుడు. ఫోనులోని అయస్కాంత సెన్సారు ఇనుప బీరువా పక్కన, కారులో, అయస్కాంతం బిగించిన ఫోను కవరు ఉన్నప్పుడు, కొన్నిసార్లు కాంక్రీటు శ్లాబులోని ఊచల వల్ల కూడా దారి తప్పుతుంది. అందుకే యాప్ మనలను ఫోను గాలిలో '8' అంకె ఆకారంలో తిప్పమంటుంది. ఒకే గదిలో రెండు ఫోన్లు రెండు దిక్కులు చూపితే గణితాన్ని అనుమానించవద్దు, ముందు కవరు తీసి చూడండి. ఈ రెండు మూడు డిగ్రీల కోసం మస్జిదులో జానమాజుల వరుస గురించి వాదులాడుకునే సోదరులకు ఒక మాట: దూరాన ఉన్నవారు కఅబా ఉన్న దిశకు అభిముఖులైతే చాలునని హనఫీ ధర్మవేత్తలు ఏనాడో చెప్పారు.

వేళల విషయం ఇంత తేలికగా తీరదు. మగ్రిబ్ సూర్యాస్తమయంతో ముడిపడినది గనుక పేచీ లేదు. ఫజ్ర్, ఇషాల విషయంలో సూర్యుడు క్షితిజానికి ఎన్ని డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు వెలుగు మొదలవుతుంది, ఎప్పుడు పూర్తిగా మాయమవుతుంది అన్నదే లెక్కకు ఆధారం. కరాచీ విశ్వవిద్యాలయం పేరుతో యాప్‌లలో కనిపించే పద్ధతి రెండింటికీ 18 డిగ్రీలు తీసుకుంటుంది. ముస్లిం వరల్డ్ లీగ్ ఫజ్ర్‌కు 18, ఇషాకు 17. ఉత్తర అమెరికా ఇస్లామిక్ సొసైటీ పేరిట ఉన్న పద్ధతి రెండింటికీ 15. సౌదీలోని ఉమ్ముల్ ఖురా పద్ధతి ఫజ్ర్‌కు 18.5 డిగ్రీలు, ఇషాకు మాత్రం మగ్రిబ్ తరువాత 90 నిమిషాలు. యాప్‌ను ఏ దేశంలో తయారు చేశారో ఆ దేశపు పద్ధతే కొన్నింటిలో ముందుగా ఎంపికై ఉంటుంది. మనం సెట్టింగులలోకి పోయి చూడము.

మన అక్షాంశంలో ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలకు పైగానే తేడా వస్తుంది. అంటే 15 డిగ్రీల లెక్కలో ఉన్న ఫోను, 18 డిగ్రీల లెక్కకంటే సుమారు 13 నిమిషాలు ఆలస్యంగా ఫజ్ర్ చూపుతుంది. రమజానులో ఆ ఫోనును నమ్మి సహ్రీ ముగించే కుటుంబం, తమ ఊరి మస్జిదు పట్టిక ప్రకారం ఫజ్ర్ ప్రవేశించిన తరువాత కూడా అన్నం తింటూ ఉంటుంది. ఇది సాంకేతిక వివరం అని కొట్టిపారేయదగిన సంగతి కాదు, ఉపవాసానికి సంబంధించినది. అస్ర్ విషయంలోనూ అంతే. వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలైనప్పుడు అని హనఫీలు, ఒక ఇంత అయినప్పుడు అని షాఫయీలు లెక్కిస్తారు. మనలో అత్యధికులు హనఫీలే అయినా, హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన యమనీ మూలాల కుటుంబాలు షాఫయీ పద్ధతిని పాటిస్తాయి. ఒకే నగరంలో ఇద్దరు ఇరుగుపొరుగువారి ఫోన్లు అస్ర్‌కు వేర్వేరు వేళలు చూపితే రెండూ సరైనవే కావచ్చు.

ఊరు మారినప్పుడు మరొక చిక్కు. రేఖాంశం ఒక డిగ్రీ తూర్పుకు జరిగితే సూర్యుడు నాలుగు నిమిషాలు ముందు ఉదయిస్తాడు, ముందే అస్తమిస్తాడు. హైదరాబాదుకూ విశాఖపట్నానికీ మధ్య ఈ తేడా సుమారు 19 నిమిషాలు. హైదరాబాదు పట్టికను విశాఖలో చూసి ఇఫ్తార్ చేస్తే అనవసరంగా 19 నిమిషాలు వేచి ఉంటారు. అదే పట్టికతో సహ్రీ చేస్తే నష్టం ఇంకా పెద్దది. ఎత్తు కూడా లెక్కకు వస్తుంది. దుబాయిలోని బుర్జ్ ఖలీఫాలో పై అంతస్తులవారికి సూర్యుడు ఇంకా కనిపిస్తూనే ఉంటాడు కనుక వారు ఇఫ్తార్‌కు రెండు మూడు నిమిషాలు ఆగాలని 2011లో అక్కడి ముఫ్తీ చెప్పవలసి వచ్చింది.

కనుక యాప్‌కు మన స్థానం కావాలి. ఈ అవసరాన్ని మేము కాదనడం లేదు. కాని ఎంత స్థానం? నమాజు వేళల లెక్కకు ఊరి పేరు చాలు. మన వీధి, మన ఇంటి నంబరు, మనం ఏ నిమిషాన ఏ దుకాణంలో ఉన్నామన్నది అక్కరలేదు. విజయవాడలో ఒక పేట నుంచి మరొక పేటకు పోతే మగ్రిబ్ మారేది కొన్ని సెకన్లే. అయినా ఎన్నో యాప్‌లు మన ఖచ్చితమైన స్థానాన్ని, అదీ రాత్రింబవళ్ళూ అడుగుతాయి. మేము ఈ సంగతిని ఒక వృద్ధురాలికి వివరించినప్పుడు ఆ నానీ అడిగిన ప్రశ్న ఇది: "నమాజు నేను అల్లాహ్ కోసం చేసుకుంటాను బాబూ, నేనెక్కడున్నానో వాళ్ళకెందుకు?"

ఈ ప్రశ్నకు జవాబు 2020 నవంబరులో ప్రపంచానికి తెలిసింది. ప్రపంచవ్యాప్తంగా 9 కోట్ల 80 లక్షలకు పైగా డౌన్‌లోడ్లు ఉన్న ముస్లిం ప్రో అనే సింగపూరు యాప్ నుంచి వినియోగదారుల స్థాన సమాచారం ఎక్స్‌మోడ్ అనే అమెరికా సంస్థకు చేరుతున్నదని, ఆ సంస్థ ఖాతాదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని మదర్‌బోర్డ్ అనే వార్తా పత్రిక బయటపెట్టింది. విధానం చాలా సాధారణమైనది. ఎక్స్‌మోడ్ లాంటి సంస్థలు తమ చిన్న ప్రోగ్రాము తునకను యాప్ తయారీదారులకు ఇస్తాయి. తయారీదారు దాన్ని తన యాప్‌లో కలుపుకుంటాడు, అందుకు డబ్బు పుచ్చుకుంటాడు. ఆ తునక ఫోను స్థానాన్ని ఎప్పటికప్పుడు తన యజమానికి పంపుతూ ఉంటుంది. మనకు కనిపించేది అజాన్, ఖిబ్లా సూది మాత్రమే.

ముస్లిం ప్రో వారు తాము సైన్యానికి నేరుగా ఏమీ అమ్మలేదని ఖండించారు, ఎక్స్‌మోడ్‌తో సంబంధం తెంచుకున్నామని ప్రకటించారు. మరుసటి నెలలోనే యాపిల్, గూగుల్ సంస్థలు ఆ తునకను యాప్‌ల నుంచి తొలగించమని తయారీదారులను ఆదేశించాయి. 2021 జనవరిలో సలాత్ ఫస్ట్ అనే మరో నమాజు యాప్ గురించి ఇలాంటి వార్తే వచ్చింది, ఈసారి కొనుగోలుదారు ప్రెడిసియో అనే ఫ్రెంచి సంస్థ. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఎక్స్‌మోడ్‌పైనా, అవుట్‌లాజిక్ అనే పేరుతో దానికి వారసురాలైన సంస్థపైనా చర్య తీసుకుని, ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్లకు వెళ్ళినవారి జాడను అమ్మరాదని నిషేధించింది.

'మేము సైన్యానికి అమ్మలేదు' అనే జవాబు మాకు తృప్తినివ్వలేదు. చివరికి కొన్నది ఎవరన్నది రెండవ ప్రశ్న. అవసరానికి మించి ఎందుకు సేకరించారన్నది మొదటిది. ఆ సమాచారంలో పేరు ఉండదని సంస్థలు చెబుతాయి. పేరు ఎందుకు? రాత్రంతా ఒక ఇంట్లో ఉండి, తెల్లవారుజామున ఒక మస్జిదుకు పోయి, పగలు ఒక కార్యాలయంలో గడిపే ఫోను ఎవరిదో ఆ వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. శుక్రవారం మధ్యాహ్నం ఏ జామె మస్జిదులో ఎన్ని ఫోన్లు ఉన్నాయో, అవి ఏ ఇళ్ళకు తిరిగి చేరాయో ఆ సమాచారాన్ని కొన్నవాడి ముందు పటంలా పరుచుకుని ఉంటుంది.

ఒకరి ఇంట్లోకి ప్రవేశించే ముందు అనుమతి కోరాలని, 'తిరిగి వెళ్ళండి' అంటే వెనుదిరగాలని సూరె నూర్ 27, 28 ఆయతులు నేర్పిన సంస్కారం మనకు తెలుసు. సూరె హుజురాత్ 12వ ఆయత్ ఇతరుల గుట్టు కూపీ తీయడాన్ని నిషేధించింది. యాప్ కూడా అనుమతి అడుగుతుందిగా అని ఎవరైనా అనవచ్చు. తలుపు తట్టి, 'మంచినీళ్ళు కావాలి' అని లోపలికి వచ్చి, గదులన్నీ లెక్కపెట్టుకుని పోయినవాడు అనుమతి అడిగాడనే అందామా?

దీనికి విరుగుడు కష్టమైనది కాదు, ఇంట్లోని పదో తరగతి పిల్లవాడు ఐదు నిమిషాలలో చేసి పెట్టగలడు. ఫోను సెట్టింగులలో ఆ యాప్ పేరు తెరిచి, లొకేషన్ అనుమతిని 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని మార్చవచ్చు. 2020 నాటి ఐఓఎస్ 14, 2021 నాటి ఆండ్రాయిడ్ 12 మొదలు, ఖచ్చితమైన స్థానం కాక సుమారు స్థానం మాత్రమే ఇచ్చే వీలు కూడా ఉన్నది. అది నమాజు వేళలకు చాలినంత. అనుమతి పూర్తిగా తీసేసి ఊరి పేరు మనమే ఎంచుకునే సౌకర్యం చాలా యాప్‌లలో ఉంటుంది. అయితే ప్రయాణంలో ఊరు మార్చడం మరచిపోకూడదు, ముఖ్యంగా కువైటు నుంచో జిద్దా నుంచో సెలవుకు రాయచోటికి, కడపకు వచ్చే మన సోదరులు. ఊరు మార్చినప్పుడే లెక్క పద్ధతి, అస్ర్ పద్ధతి కూడా చూసుకుని, మీ మస్జిదు ఇమామ్ సాహెబ్ దగ్గరున్న పట్టికతో సరిచూడండి. పట్టికకూ ఫోనుకూ తేడా వస్తే ఏ డిగ్రీల మీద లెక్కించారో అడగండి. అడిగితే తప్పేమీ లేదు.

మరో సంగతి ప్రకటనల గురించి. ఒక ఉచిత యాప్‌లో మేము ఖుర్ఆన్ పారాయణం విని ముగించేలోగా అధిక వడ్డీకి తక్షణ రుణమిస్తామనే ప్రకటన తెర నిండా వచ్చింది. యాప్ తయారీదారుకు ఖర్చులుంటాయి, ఎవరో ఒకరు చెల్లించాలి. ఆ చెల్లింపు ఏడాదికి కొద్ది రూపాయల చందాగా మన చేతి నుంచే పోతే మంచిదని మా అభిప్రాయం. ప్రకటనలు, అంకెల పోటీలు లేని యాప్‌లు కొన్ని ఉన్నాయి. పోటీలు అన్నాము గనుక చెప్పాలి: 'వరుసగా 40 రోజులు నమాజు చేశారు' అని బంగారు పతకం బొమ్మ చూపి, దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టమని పురికొల్పే యాప్‌లంటే మాకు ఇష్టం లేదు. పిల్లలకు మొదట్లో ఉత్సాహం కలిగించవచ్చునేమో. కాని ఎవరి కోసం చేస్తున్నామన్న ప్రశ్న పన్నెండేళ్ళ పిల్లవాడి మనసులో కూడా మెదులుతుంది.

చట్టం సంగతికి వస్తే, మన దేశంలో 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. సమాచారాన్ని చెప్పిన ప్రయోజనానికే వాడాలని, ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకునే హక్కు మనకు ఉన్నదని అది అంటుంది. మనకు అందుబాటులో ఉన్న మొదటి రక్షణ మాత్రం ఇప్పటికీ ఆ సెట్టింగుల పేజీయే.

ఇక ఫోను అవసరమే లేకుండా ఖిబ్లా సరిచూసుకునే దారి ఒకటి ఉన్నది. ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా కఅబా నడినెత్తికి వస్తాడు. అవి మే 27 లేదా 28, జూలై 15 లేదా 16. మన గడియారం ప్రకారం మేలో మధ్యాహ్నం సుమారు 2 గంటల 48 నిమిషాలకు, జూలైలో సుమారు 2 గంటల 57 నిమిషాలకు. ఆ క్షణాన సూర్యుడున్న దిక్కే ఖిబ్లా. జూలైలో మనకు మబ్బులు అడ్డుపడవచ్చు గాని, మేలో ఆ భయం తక్కువ. డాబా మీద ఒక కర్రను నిటారుగా నిలిపి, దాని నీడ వెంట సుద్దముక్కతో గీత గీయండి. నీడ కొన నుంచి కర్ర మొదలుకు చూసే దిశ ఖిబ్లా. ఒక రోజు అటూ ఇటూ అయినా తేడా స్వల్పమే. ఆ గీత పక్కన ఫోను పెట్టి చూస్తే, సూది ఎంత పక్కకు పోతున్నదో పిల్లలే చెబుతారు.