రాడ్డు బాగానే ఉంది, ప్లగ్గు ఎందుకు కాలింది?

మొన్న పొద్దున్నే మా ఆపా వాళ్లింట్లో కాలిన వాసన. బకెట్లో పెట్టిన వాటర్ హీటర్ రాడ్డు శుభ్రంగా ఉంది. దాన్ని తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం ఒక రంధ్రం దగ్గర నల్లబడి, ప్లాస్టిక్ మెత్తబడిపోయింది. పదో తరగతి చదివే మేనల్లుడు అడిగాడు: "మామూ, వేడెక్కాల్సింది రాడ్డు కదా, ప్లగ్గు కాలిందేంటి?"

మంచి ప్రశ్నే. జవాబు వాడి ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది.

రాడ్డు మీద 1500 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. కాబట్టి 1500ని 230తో భాగిస్తే కరెంటు తెలుస్తుంది: సుమారు 6.5 ఆంపియర్లు. ఇక నిరోధం. వోల్టులను ఆంపియర్లతో భాగించాలి. జర్మనీకి చెందిన జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఇది. 230ని 6.5తో భాగిస్తే దాదాపు 35 ఓమ్‌లు.

ఆ బాక్సు మీద "6 ఆంపియర్లు" అని ఉంది. అంటే రాడ్డు ఒక్కటే దాని హద్దు దాటేసింది. పైగా పక్క రంధ్రంలో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె కూడా పెడతారట! అది ఇంకో 4.3 ఆంపియర్లు. మొత్తం దాదాపు 11.

కానీ కాలింది ఒక్కచోటే. అక్కడ ప్లగ్గు పిన్ను వదులుగా ఉంది. వదులైన చోట కొత్తగా కొంచెం నిరోధం పుడుతుంది, అర ఓమ్ అనుకుందాం. వేడి ఎంతో తెలియాలంటే ఆంపియర్లను వాటితోనే గుణించి, మళ్లీ నిరోధంతో గుణించాలి: 6.4 × 6.4 × 0.5, అంటే సుమారు 20 వాట్లు. రేడియో రిపేరు షాపుల్లో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లే. రాడ్డు వేడిని బకెట్లో నీళ్లు లాగేసుకుంటాయి. పిన్ను దగ్గర ఆ 20 వాట్లు ఎక్కడికి పోవాలి?

"మరి ఎంసీబీ ఎందుకు పడలేదు?" అన్నారు ఆపా. అది చూసేది కరెంటు ఎంత పారుతోందనే. వదులు పిన్ను వల్ల నిరోధం 35 నుంచి 35.5 అయింది, కరెంటు 6.5 నుంచి 6.4కి తగ్గిందే గానీ పెరగలేదు. వేడెక్కుతున్న ప్లగ్గు సంగతి ఎంసీబీకి తెలియదు. మన చేతికే తెలియాలి: పది నిమిషాలు వాడి, స్విచ్ ఆపేసి, ప్లగ్గు బయటికి తీసి పిన్ను పక్కన ప్లాస్టిక్ పట్టుకుని చూడండి. వేడిగా ఉంటే ఆ సాకెట్ మార్చాల్సిందే.

వోల్టేజీ 180కి పడిపోతే రాడ్డు నిరోధం దాదాపు అలాగే ఉంటుంది. కరెంటు 5 ఆంపియర్లు దాటి, శక్తి 900 వాట్ల దగ్గరికి వస్తుంది. నీళ్లు ఆలస్యంగా కాగడానికి కారణం అదే, రాడ్డు పాడైందనుకుని కొత్తది కొనకండి. ఒక మాట, ఈ లెక్కలు రాడ్డు, ఇస్త్రీ పెట్టె, గీజర్‌లాంటి వేడి చేసే వస్తువులకే సరిగ్గా కుదురుతాయి. ఫ్రిజ్, మోటారు లెక్క వేరు.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి, లావు వైరుతో, ఎర్తింగ్‌తో 16 ఆంపియర్ల పాయింటు పెట్టి వెళ్లాడు. నల్లబడిన బాక్సును మేనల్లుడు స్కూల్లో చూపిస్తానని దాచుకున్నాడు.