ఊపిరికి బేరమా?

పోయినేడాది దసరా ముందు మాట. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్నా" అంది. అదేమిటే అన్నాను. వీపుకి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి వెళ్ళి రావడమట! అప్పటికి నాకు తెలిసిన సిలిండర్ ఒక్కటే, వంటింట్లోది.

పక్కనే కూర్చుని వింటున్న మా అత్తగారు ఊరుకుంటారా? "ఏటే, సేపల్ని సూడ్డానికి సంద్రంలోకి దిగాలేటి? సంతలో లేవా? గుంటకి బేగి పెళ్ళి సేసీమంటే ఇన్నారు కాదు" అని గొణిగారు.

మాది రాజాం. పెళ్ళి బట్టలైనా, బంగారమైనా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మా ఊరే వస్తారు. కొట్టువాడితో బేరమాడటం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కానీ సముద్రంలో దిగే సామాను మాత్రం ఇక్కడ ఏ కొట్లోనూ దొరకదు. మాకు సముద్రమంటే ఏడాదికోసారి భీమిలి వెళ్ళి కాళ్ళు తడుపుకుని రావడమే.

ఆ మాస్కు కొన్నది నేనే

ముందుగా మాస్కు కొనుక్కోవాలంది అమ్మాయి. నేర్పేవాళ్ళ దగ్గర 3 వేల పైమాటేనట. నా ఫోన్‌లో వెతికితే అలాంటిదే 900 రూపాయలకు కనబడింది. పైగా పండగ తగ్గింపు! "మూడు వేలెందుకే, నేను తెప్పిస్తాను" అని నేనే ఆర్డరు పెట్టేశాను. నాలుగో రోజుకల్లా కొరియర్ అబ్బాయి గుమ్మంలో ఉన్నాడు. పిండివంటలతో పాటు దాన్నీ సంచిలో పెట్టి పంపించాను. రెండు వేలు మిగిల్చానని నాలో నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం రెండు వారాలే. ఈతకొలనులో మొదటి పాఠం నాడే మాస్కులోకి నీళ్ళు వచ్చేశాయి. కళ్ళు మండి, ముక్కులోకి నీళ్ళు పోయి, పిల్ల గాభరాపడి పైకి లేచేసిందట. నడుము లోతు నీళ్ళు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి ఆ సంగతి చెప్పి తను నవ్వేసింది గానీ నాకు నిద్ర పట్టలేదు. అదే సముద్రంలో జరిగుంటే? తిరిగి పంపిద్దామంటే గడువు దాటిపోయింది. అమ్మినవాడికి రెండుసార్లు రాశాను, ఉలుకూ పలుకూ లేదు.

ఆ ఆదివారం చీపురుపల్లి, విజయనగరం మీదుగా బస్సులో విశాఖ వెళ్ళాను. మా అమ్మాయి నేర్చుకునే చోటు రుషికొండ దగ్గర. "నా కూతురు ఏం కట్టుకుని దిగుతుందో నాకు చూపించండి" అని అడిగాను. కోచ్ నవ్వకుండా, విసుక్కోకుండా గంటసేపు చూపించాడు.

వంటిల్లు తెలిస్తే ఇదీ తెలుస్తుంది

మాస్కు సరిపోయిందో లేదో చూడటం చాలా తేలిక. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చాలి. చెయ్యి తీసినా పడిపోకుండా అంటుకుని ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. నేను పంపింది ఊడి కింద పడింది. అంచు మెత్తటి సిలికాన్ కాదు, గట్టి ప్లాస్టిక్. అద్దం మీద టెంపర్డ్ అన్న ముద్ర కూడా లేదు. ఒకరి కొలతతో కుట్టిన జాకెట్టు ఇంకొకరికి పట్టనట్టే, ఒకరి మాస్కు ఇంకొకరికి పట్టదు. ఫోటో చూసి ఇది ఎలా తెలుస్తుంది చెప్పండి?

మామూలు ఈత కళ్ళద్దాలు పెట్టుకోకూడదా అని అడిగాను. కూడదట. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు ఉంటుంది. మాస్కులో ముక్కు కూడా ఉంటుంది కాబట్టి ముక్కుతో గాలి వదిలి ఒత్తిడి సరిచేసుకోవచ్చు. కళ్ళద్దాలకు ఆ వీలు లేదు, అవి కళ్ళను నొక్కేస్తాయి. ముఖమంతా కప్పే చవక మాస్కులు ఆన్‌లైన్‌లో బోలెడు కనిపిస్తాయి. అవి నీటి మీద తేలుతూ చూడటానికే తప్ప సిలిండర్‌తో దిగడానికి కావు.

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అనుకున్నాను. కాదు, మనం పీల్చే మామూలు గాలే. 12 లీటర్ల సిలిండర్‌లో సుమారు 2400 లీటర్ల గాలిని కుక్కి నింపుతారు. అంత ఒత్తిడిని మనం పీల్చగలిగేంతకు తగ్గించి, అడిగినప్పుడల్లా అడిగినంత ఇచ్చేది రెగ్యులేటర్. అవును, మన గ్యాస్ పొయ్యి రెగ్యులేటర్‌కి దూరపు చుట్టమే! రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువైనప్పుడు, ఫ్రాన్స్‌లో మోటారు బళ్ళను గ్యాస్‌తో నడపడానికి ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరు ఒక వాల్వు తయారుచేశాడు. జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి ఆయనతో కలిసి దాన్ని నీళ్ళలో ఊపిరికి పనికొచ్చేలా 1943లో మలిచాడు. ఈనాటి స్కూబాకి మూలం అదే.

దానిలో చిన్న చిన్న రబ్బరు రింగులుంటాయి. మన కుక్కర్ గాస్కెట్ లాగే అవీ అరుగుతాయి, ఎండుతాయి. అందుకే తయారీదారు చెప్పిన గడువులో, చాలావాటికి ఏడాదికోసారి, విప్పి మార్చాలి. మరి ఎక్కడో కొన్నదాన్ని ఎవరు విప్పుతారు? చాలా కంపెనీలు తమ డీలరు దగ్గర కొన్నదానికే గ్యారంటీ ఇస్తాయి. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం అదనం. సిలిండర్‌కి బిగించే పద్ధతులు కూడా రెండు రకాలు. మీరు తెప్పించింది ఇక్కడి సిలిండర్లకి పట్టకపోవచ్చు. సిలిండర్ సంగతి ఎత్తనే వద్దు. దానికి ప్రభుత్వ అనుమతులు, పరీక్షలు ఉంటాయి. అది అద్దెకు తీసుకోవడమే మేలు.

కొట్టువాళ్ళంతా ధర్మరాజులా?

అలాగని ఆన్‌లైన్ అంతా మోసం, ఎదురుగా అమ్మేవాళ్ళంతా ధర్మరాజులు అని నేను అనను. అదే చోట ఇచ్చిన జాబితాలో, ఇంకా నాలుగు పాఠాలు కాని పిల్లకి చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్, గాలి నింపే జాకెట్టు కూడా రాశారు. (జాకెట్టంటే మన జాకెట్టు కాదండోయ్! నీళ్ళలో తేలడానికీ మునగడానికీ వేసుకునేది.) "ఇవన్నీ ఇప్పుడే కొనాలా?" అని గట్టిగా అడిగితే, "అక్కర్లేదమ్మా, నేర్చుకున్నన్నాళ్ళూ మావే వాడుకోవచ్చు" అన్నాడు కోచ్. అడగకపోతే కొనేసేవాళ్ళమే!

అందుకే మా అమ్మాయీ నేనూ కూర్చుని ఒక లెక్క వేసుకున్నాం.

ముఖానికి, ఊపిరికి తగిలేవి చేత్తో పట్టుకుని, పెట్టుకుని చూసే కొనాలి. పాదాలకు వేసుకునే ఫిన్స్ కూడా తొడిగి చూడాల్సిందే. రెగ్యులేటర్ తొందరపడి కొనొద్దు. వరసగా దిగుతామని తేలాక, రిపేరు చేసేవాళ్ళు ఎక్కడున్నారో తెలుసుకుని అప్పుడు కొనాలి.

సంచి, టార్చి, తువ్వాలు, మాస్కు పట్టీకి గుడ్డ తొడుగు లాంటివి ఆన్‌లైన్‌లో నిక్షేపంగా కొనుక్కోవచ్చు. కొలత తెలిసిన వస్తువైతే అక్కడి ధర చూపించి ఇక్కడ బేరమాడొచ్చు. మా అమ్మాయి అలాగే మాస్కు మీద 300 తగ్గించుకుంది. రాజాం పిల్ల కదా!

మోసపోతే ఊరుకోకండి

నేను చేసిన రెండో తప్పు, ఊరుకోవడం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందిందని ఆన్‌లైన్ కంపెనీ 48 గంటల్లో చెప్పాలి. నెలరోజుల్లో పరిష్కరించాలి. వస్తువు ఏ దేశంలో తయారైందో కూడా చూపించాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మనం మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఇదంతా సముద్రంలో దిగేవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోకండి. ఐఎస్‌ఐ ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లను తమ ద్వారా అమ్మనిచ్చాయని, రెండు పెద్ద ఆన్‌లైన్ కంపెనీలకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది. కుక్కరైనా, గ్యాస్ పైపైనా, పసిపిల్లల వస్తువైనా ప్రాణంతో ముడిపడిందైతే అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఇది సరిపోతుందా? ముద్ర ఉందా? పాడైతే ఎవరు బాగుచేస్తారు? వీటికి జవాబు దొరికాక ధర సంగతి.

సంక్రాంతి వెళ్ళాక అమ్మాయి మొదటిసారి సముద్రంలో దిగింది. ఒడ్డున కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు. పడవ తిరిగొచ్చాక చూస్తే, దాని ముఖం మీద మాస్కు అంచు గుండ్రంగా అచ్చు పడి ఉంది. చుక్క నీరు రాలేదట. ఆ అచ్చు చూశాక గానీ నా గుండె కుదుటపడలేదు.

ఇంతకీ నేను కొన్న 900 రూపాయల మాస్కు ఏమైందంటారా? మా వంటింట్లో మేకుకి వేలాడుతోంది. ఉల్లిపాయలు కోసేటప్పుడు పెట్టుకుంటున్నాను. కళ్ళు కాస్త తక్కువ మండుతున్నాయి!